మాంగా చరిత్ర అధ్యయనం - అంతర్జాల ఆధారాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జపాన్ చిత్రకథాప్రక్రియ అయిన మాంగా చరిత్రను తెలుసుకోదలచిన విద్యార్థికి ఈనాడు తొలి ఆధారం అంతర్జాలమే. గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు, ప్రదర్శనశాలలు తమ సేకరణలను అంతర్జాలంలో ఉంచడం వల్ల జపాన్ వెళ్లకుండానే అనేక మూలప్రతులను చూడగలుగుతున్నాం. అయితే ఈ సౌలభ్యం అన్ని కాలాలకు సమానంగా లేదు. కాపీరైటు చట్టాలు, గ్రంథసేకరణ విధానాలు, ఒకప్పటి నిర్బంధ పరిశీలనలు కలిసి మాంగా చరిత్రలో కొన్ని దశలను బాగా కనిపించేలా చేశాయి, మరికొన్నింటిని మరుగున పడవేశాయి. ప్రధానమైన అంతర్జాల ఆధారాలను కాలక్రమంలో పరిశీలించి, వాటి లభ్యత చరిత్రకథనాన్ని ఎలా ప్రభావితం చేస్తున్నదో వివరించడం, వాటిని ఉపయోగించే పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాంగా, హొకుసాయి, టెజుకా ఒసాము, డిజిటల్ గ్రంథాలయాలు, ప్రాంగె సేకరణ, కాపీరైటు, చరిత్రరచన.

ఉపోద్ఘాతం:

మాంగా చరిత్రను పరిచయం చేసే రచనలలో తరచుగా ఒకే క్రమం కనిపిస్తుంది. క్యోటోలోని కోజాన్‌జి ఆలయానికి చెందిన 12, 13 శతాబ్దాల జంతుచిత్రాల చుట్టలతో కథ మొదలవుతుంది. అక్కడి నుంచి 1814లో తొలి సంపుటం వెలువడిన 'హొకుసాయి మాంగా'కు వస్తుంది. ఆ తరువాత 1947లో టెజుకా ఒసాము చిత్రించిన 'షిన్ తకరాజిమా' (కొత్త నిధుల దీవి) వద్ద ఆధునిక మాంగా పుట్టిందని చెబుతుంది. చుట్టలకు, హొకుసాయికి నడుమ దాదాపు ఆరు శతాబ్దాలు, హొకుసాయికి, టెజుకాకు నడుమ 130 సంవత్సరాలకు పైగా గడిచాయి. ఈ విరామాలలో ఏం జరిగిందన్న ప్రశ్నకు ఆ రచనలు ఇచ్చే స్థలం తక్కువ.

ఈ మూడు మజిలీల కథనం ఇంతగా స్థిరపడడానికి జాతీయ సంప్రదాయపు ప్రాచీనతను చాటాలన్న కోరిక ఒక కారణం. ఆధారాల లభ్యత మరొక కారణం. మొదటి రెండు మజిలీల చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. మూడవ మజిలీ కర్త ప్రపంచప్రసిద్ధుడు. మధ్యకాలపు వార్తాపత్రికలు, పిల్లల పత్రికలు, చౌకబారు కాగితంపై అచ్చయిన పుస్తకాలు మాత్రం వెతికి పట్టుకోవలసినవి. కాబట్టి ఏ ఆధారం ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నతోపాటు అది అక్కడికి ఎలా చేరిందన్న ప్రశ్న కూడా అవసరం.

1. పదం, లిపి, అన్వేషణ:

'మాంగా' రెండు చిత్రలిపి అక్షరాల సమాసం. మొదటి అక్షరానికి కట్టుబాటు లేనిది, ఇష్టానుసారం సాగేది అని, రెండవదానికి బొమ్మ అని అర్థం. 1798లో వెలువడిన సంతో క్యోదెన్ చిత్రగ్రంథం 'షిజి నో యుకికాయి' పీఠికలో ఈ మాట కనిపిస్తుంది. హొకుసాయి దానికి విస్తృత ప్రచారం తెచ్చాడు. అయితే ఒకే పదం వాడుకలో ఉన్నంతమాత్రాన వస్తువు కూడా ఒకటే కాదు.

ఈ విషయాన్ని నిర్ధారించుకోవడానికి అంతర్జాలం మంచి అవకాశం ఇస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన పుల్వెరర్ సేకరణలోను, జపాన్ పార్లమెంటు గ్రంథాలయమైన జాతీయ డైట్ గ్రంథాలయపు డిజిటల్ సేకరణలలోను ఎదో కాలపు సచిత్రగ్రంథాలను పుటపుటా చూడవచ్చు. 'హొకుసాయి మాంగా' మొత్తం 15 సంపుటాలు. 1849లో చిత్రకారుడు మరణించాక కూడా ప్రచురణ కొనసాగి, చివరి సంపుటం 1878లో వెలువడింది. ఒకటి రెండు ప్రసిద్ధ చిత్రాలతో సరిపెట్టుకోక సంపుటాన్ని ఆద్యంతం చూసినవారికి దాని స్వభావం స్పష్టమవుతుంది. పనివాళ్లు, చేపలు, వంతెనలు, దయ్యాలు, కొండలు, కుస్తీపట్లు అందులో వరుసగా వస్తాయి. అది చిత్రలేఖనం నేర్చుకునేవారికి నమూనాగ్రంథంగా ఉపయోగపడిన రేఖాచిత్రసంకలనం. అందులో గడి నుంచి గడికి నడిచే కథ లేదు.

బొమ్మా మాటా కలిసి కథ చెప్పిన ఎదో కాలపు ప్రక్రియ కావాలంటే 'కిబ్యోషి' అనే పసుపు అట్టల పుస్తకాలను చూడాలి. 1775లో కొయికవ హరుమాచి రచించిన 'కిన్‌కిన్ సెన్‌సెయి ఎయిగ నో యుమె'తో ఈ ప్రక్రియ ఆరంభమైనదని సాహిత్యచరిత్రకారులు భావిస్తారు. వసెద విశ్వవిద్యాలయం ప్రాచీనగ్రంథాల డేటాబేస్‌లోను, జపాన్ జాతీయ సాహిత్య పరిశోధనాసంస్థ నిర్వహించే కొకుషో డేటాబేస్‌లోను ఇటువంటి గ్రంథాల ప్రతిబింబాలు లభిస్తాయి. ఆడమ్ కెర్న్ 2006లో వెలువరించిన అధ్యయనం ఇవి చదవడానికి తోడ్పడుతుంది. నేటి మాంగాకు కిబ్యోషిని నేరుగా మూలంగా చూపడం సులభం కాదని కూడా ఆయన పరిశీలన వల్ల తెలుస్తుంది.

ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక సౌకర్యం ఉంది. జపనీస్ భాషలో ఎ, ఒ అచ్చులకు హ్రస్వదీర్ఘభేదం అర్థభేదకం. రోమన్ లిపిలో పైగీత లేకుండా రాస్తే ఆ భేదం పోతుంది. ఒనొ, ఓనొ అనేవి రెండు వేర్వేరు ఇంటిపేర్లు. ఆంగ్లపుస్తకాలలో రెండూ తరచుగా ఒకే రూపంలో కనిపిస్తాయి. తెలుగు లిపి ఈ భేదాన్ని సహజంగానే నిలుపుతుంది. పేర్లను సేకరించేటప్పుడు జపనీస్ లిపిరూపాన్ని, ఉచ్చారణను తెలుగు అక్షరాలలో పక్కపక్కన రాసుకుంటే గ్రంథసూచికలలో పొరబడే అవకాశం తగ్గుతుంది. జపాన్‌లో ఇంటిపేరు ముందు రావడం కూడా మనకు అలవాటైన పద్ధతే. 'మాంగా' అన్న మాట జపనీస్ ఉచ్చారణలో 'మంగ'కు దగ్గరగా ఉన్నా, తెలుగులో స్థిరపడిన రూపాన్నే ఈ వ్యాసంలో వాడడమైనది.

2. వార్తాపత్రికల దశ:

19వ శతాబ్దం ద్వితీయార్ధం నుంచి మాంగా చరిత్ర ప్రధానంగా పత్రికల చరిత్ర. ఆంగ్ల చిత్రకారుడు చార్ల్స్ విర్గ్‌మన్ 1862లో యొకొహామాలో 'జపాన్ పంచ్' ప్రారంభించాడు. అదే నగరంలో ఆస్ట్రేలియాలో పుట్టిన ఫ్రాంక్ నాన్‌కివెల్ వద్ద పాశ్చాత్య వ్యంగ్యచిత్రరీతిని నేర్చుకున్న కితజవ రకుతెన్ 1899లో 'జిజి షింపో' పత్రికలో చేరాడు. 1902 నుంచి ఆ పత్రిక ఆదివారపు అనుబంధం 'జిజి మాంగా'కు బొమ్మలు వేశాడు. 1905లో 'తోక్యో పక్' అనే రంగుల వ్యంగ్యపత్రికను స్థాపించాడు. మాంగా అన్న మాటను నేటి అర్థానికి దగ్గరగా తెచ్చిన ఘనత ఎక్కువగా ఇతనిదే. సైతామాలో అతని నివాసస్థలంలో 1966లో నగరపాలక సంస్థ వ్యంగ్యచిత్రకళకు ఒక ప్రదర్శనశాలను నెలకొల్పింది.

1923 నాటి 'అసాహి గ్రాఫ్' పత్రిక ఈ చరిత్రలో మరొక మలుపు. ఆ సంవత్సరం జనవరిలో ఒద నొబుత్సునె రచన, కబషిమ కత్సుఇచి చిత్రాలతో 'షోచన్ నో బోకెన్' (షోచన్ సాహసాలు) అందులో మొదలైంది. ఆ సంవత్సరమే అమెరికా చిత్రకారుడు జార్జ్ మెక్‌మానస్ 'బ్రింగింగ్ అప్ ఫాదర్' జపనీస్ అనువాదం కూడా అదే పత్రికలో వెలువడింది. అసో యుతాక హోచి పత్రికలో చిత్రించిన 'నొంకి న తోసన్' (తీరిక నాన్న) పై ఈ అమెరికా చిత్రకథ ప్రభావం సుస్పష్టం. పాత్ర నోటి నుంచి వెలువడే మాటల బుడగ, శబ్దాన్ని, కదలికను సూచించే గీతలు, వ్యాఖ్యాత సాయం లేకుండా గడుల వరుసతోనే సాగే కథనం ఈ దశలో స్థిరపడ్డాయని ఐకె ఎక్స్‌నర్ 2021లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆయన వాదానికి బలం పాతపత్రికల పరిశీలన. చుట్టల నుంచి టెజుకా వరకు ఏకరేఖగా గీసిన చరిత్ర ఈ పరిశీలన ముందు నిలవదు.

ఆధారాల లభ్యతలోని అసమానత ఇక్కడే మొదలవుతుంది. అమెరికా చిత్రకథలు వెలువడిన అనేక పాత దినపత్రికలు అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం నిర్వహించే 'క్రానిక్లింగ్ అమెరికా'లో ఉచితంగా లభిస్తాయి. జపాన్ పెద్ద దినపత్రికల భాండాగారాలు చందా కట్టిన సంస్థల ద్వారానే సాధారణంగా అందుతాయి. పోల్చవలసిన రెండు భాగాలలో ఒకటి ఇంటి నుంచే చూడవచ్చు, మరొకదానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయం అవసరం. విదేశాలలో చదువుతున్న తెలుగు విద్యార్థులు తమ విశ్వవిద్యాలయానికి ఈ చందా ఉన్నదేమో ముందుగా విచారించుకోవడం మంచిది.

వలసవచ్చిన జపనీయుల పత్రికలు మరొక ద్వారం. స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థ 'హోజి షింబున్ డిజిటల్ సేకరణ'లో జపాన్ వెలుపల వెలువడిన జపనీస్ పత్రికలను ఉంచింది. కియామ యొషితాక 1931లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వయంగా ప్రచురించిన చిత్రకథాగ్రంథానికి నేపథ్యమైన వలసజీవితాన్ని ఆ పత్రికల నుంచి గ్రహించవచ్చు. నలుగురు జపాన్ యువకుల అమెరికా జీవితాన్ని చిత్రించిన ఆ పుస్తకాన్ని బర్క్లీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చూసిన ఫ్రెడరిక్ షాట్ దానిని ఆంగ్లంలోకి అనువదించాడు. ఒక గ్రంథాలయంలో మిగిలిన ప్రతి ఒక చిత్రకారుణ్ణి చరిత్రలోకి తిరిగి తీసుకురాగలిగింది.

3. నిర్బంధ పరిశీలన మిగిల్చిన ప్రతులు:

1893 నాటి ప్రచురణ చట్టం ప్రకారం జపాన్‌లో ప్రచురణకర్తలు పుస్తకప్రతులను హోంమంత్రిత్వశాఖకు సమర్పించవలసి వచ్చేది. పరిశీలన ముగిసిన ప్రతులలో కొన్ని ఇంపీరియల్ గ్రంథాలయానికి చేరాయి. అవి నేడు జాతీయ డైట్ గ్రంథాలయంలో ఉన్నాయి. 1938లో ఆ శాఖ పిల్లల పఠనసామగ్రిని సంస్కరించే పేరుతో మార్గదర్శకాలు జారీ చేసింది. 1931 నుంచి అశేషజనాదరణ పొందిన తగావ సుయిహో 'నొరకురో' కూడా 1941లో ఆగిపోయింది. అప్పటి మాంగాను చదివేవారు ఆ బొమ్మలు ఏ ఆంక్షల నడుమ అచ్చయ్యాయో గుర్తుంచుకోవాలి.

1945లో యుద్ధం ముగిశాక ఆక్రమణసేనల నిర్బంధ పరిశీలన వచ్చింది. 1949 వరకు ప్రచురణకర్తలు పత్రికలు, పుస్తకాలు, చివరకు పిల్లల బొమ్మల పుస్తకాలు కూడా పరిశీలకులకు పంపవలసి వచ్చింది. ఆ విభాగం మూతపడినప్పుడు చరిత్రకారుడు గోర్డన్ ప్రాంగె ఈ సామగ్రిని అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చేర్పించాడు. ఆయన పేరుతోనే వ్యవహరించే ఆ సేకరణలో సుమారు 13,800 పత్రికల శీర్షికలు, 18,000కు పైగా వార్తాపత్రికల శీర్షికలు, 71,000కు పైగా పుస్తకాలు, చిన్నపుస్తకాలు ఉన్నాయి. మాంగాతో సహా పిల్లల పుస్తకాలే సుమారు 8,000. వీటి వివరాలను విశ్వవిద్యాలయ జాలస్థలిలో వెతకవచ్చు.

ఈ సేకరణ విలువ గ్రహించాలంటే నాటి పరిస్థితిని తలచుకోవాలి. కాగితం కరవు తీవ్రంగా ఉన్న రోజులవి. ఒసాకా కేంద్రంగా 'అకహోన్' అనే ఎర్ర అట్టల చౌక పుస్తకాలు మిఠాయి దుకాణాలలో, వీధి అంగళ్లలో అమ్ముడయ్యేవి. పిల్లలు చదివి చింపేసిన ఆ పుస్తకాలను గ్రంథాలయాలు దాచదగినవిగా ఎంచలేదు. జాతీయ డైట్ గ్రంథాలయం ఏర్పడి, దానికి ప్రతులు సమర్పించాలన్న నిబంధన వచ్చినది 1948లో. హోంమంత్రిత్వశాఖ ఏర్పాటు పోయి, కొత్త ఏర్పాటు రాని ఆ కాలపు ప్రచురణలకు పరిశీలకుల బల్ల మీదికి వెళ్లిన ప్రతులే అనేక సందర్భాలలో ఆధారం. పదాలను కొట్టివేసిన చేతులే వాటిని భద్రపరిచాయి. ఈ సేకరణను వాడే పరిశోధకుడు అందులో ఏముందో చూడడంతోపాటు, పరిశీలకుడు గీసిన గుర్తులను కూడా చరిత్రపాఠంలో భాగంగా చదవాలి.

4. ఒకే శీర్షిక, వేర్వేరు పాఠాలు:

ప్రాచీనకావ్యాలకు పాఠాంతరాలు ఉన్నట్లే ఆధునిక చిత్రకథలకూ ఉంటాయి. 'షిన్ తకరాజిమా' ఇందుకు చక్కని ఉదాహరణ. 1947లో ఒసాకాలో సకాయి షిచిమ కథారూపకల్పనతో ఈ పుస్తకం వెలువడింది. 1977లో ఆరంభమై 400 సంపుటాలుగా వచ్చిన టెజుకా సంపూర్ణరచనలలో ఆ శీర్షికతో 1984లో చేరినది మాత్రం ఆయన తిరిగి చిత్రించిన పాఠం. 1947 నాటి పుస్తకాన్ని యథాతథంగా పునర్ముద్రించినది 2009లో. ఆధునిక మాంగా ఆ పుస్తకంతోనే మొదలైందని నిరూపించేందుకు 1984 నాటి పుటను చూపితే వాదం మొత్తం కూలిపోతుంది. చలనచిత్రరీతి కథనానికి అది తొలి ఉదాహరణ అన్న ప్రసిద్ధిని కూడా, 1940లో వెలువడిన ఓషిరొ నొబొరు 'కసెయి తన్‌కెన్' (అంగారక యాత్ర) వంటి యుద్ధపూర్వ రచనలతో పోల్చి చూడాలి.

ఏ రచన ఏ పత్రికలో, ఏ సంచికలో మొదట వచ్చిందో, పుస్తకంగా ఎప్పుడు వచ్చిందో తెలుసుకోవడానికి జపాన్ సాంస్కృతికవ్యవహారాల సంస్థ రూపొందించిన 'మీడియా ఆర్ట్స్ డేటాబేస్' ప్రధాన ఆధారం. ఇది బొమ్మలను చూపదు. పత్రికల సంచికలు, పుస్తకాలు, రచయితలు, వాటిని భద్రపరచిన సంస్థల వివరాలను అందిస్తుంది. మాంగా అధ్యయనం ఆరంభించేవారు మొదట తెరవవలసినది ఇదేనని చెప్పవచ్చు.

1950లలో వర్ధిల్లిన అద్దె పుస్తకాల మాంగా పరిస్థితి మరింత దుర్బలం. తత్సుమి యొషిహిరొ 1957లో 'గెకిగ' అని పేరు పెట్టిన పెద్దవారి చిత్రకథారీతి ఈ అద్దె దుకాణాల లోకంలోనే రూపుదిద్దుకుంది. ఆ పుస్తకాలు వ్యక్తుల పట్టుదల వల్ల మిగిలాయి. తాను స్వయంగా అద్దె పుస్తకాల దుకాణం నడిపిన నైకి తొషియొ 1978లో తోక్యోలో సమకాలీన మాంగా గ్రంథాలయాన్ని ప్రారంభించాడు. ఆ సేకరణ తరువాత మెయిజి విశ్వవిద్యాలయానికి చేరింది. అదే విశ్వవిద్యాలయం 2009లో యొనెజవ యొషిహిరొ స్మారక గ్రంథాలయాన్ని తెరిచింది. క్యోటోలో మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాల భవనంలో 2006లో ఆరంభమైన అంతర్జాతీయ మాంగా ప్రదర్శనశాలలో సుమారు 3,00,000 వస్తువులు ఉన్నాయి. అమెరికాలో ఒహాయొ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బిల్లీ ఐర్లాండ్ గ్రంథాలయం మాంగా సేకరణకు పేరుపొందింది. ఈ సంస్థల గ్రంథసూచికలు అంతర్జాలంలో అందుబాటులో ఉన్నాయి. పుస్తకం మాత్రం చాలావరకు అక్కడికి వెళ్లి చూడవలసినదే.

5. కాపీరైటు గీసిన సరిహద్దు:

జపాన్‌లో 2018 డిసెంబరు 30న కాపీరైటు కాలపరిమితి రచయిత మరణానంతరం 50 సంవత్సరాల నుంచి 70కి పెరిగింది. 1967లోగా మరణించినవారి రచనలకు అప్పటికే గడువు తీరింది. 1968లో మరణించినవారి రచనలు 2038 చివరి వరకు రక్షణలో ఉంటాయి. 1955లో మరణించిన రకుతెన్ చిత్రాలను స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1989లో మరణించిన టెజుకా, తగావల రచనలకు 2059 ముగిసేవరకు రక్షణ ఉంది. 2015లో మరణించిన తత్సుమి రచనలకు అది 2085 వరకు సాగుతుంది.

దీనితోడు జాతీయ డైట్ గ్రంథాలయం డిజిటలీకరించిన గ్రంథాలను దూరం నుంచి చదివే సేవలో, ప్రచురణరంగంతో కుదిరిన అంగీకారం మేరకు, మాంగాను సాధారణంగా చేర్చలేదు. రచయితల, వారి వారసుల జీవనాధారం కాపాడడం న్యాయమే. అధికారిక అనుమతి లేకుండా పుటలను నకలు చేసి పెట్టే జాలస్థలులు వారికి కలిగించిన నష్టాన్ని కూడా మరువరాదు. పరిశోధకునికి అవి నమ్మదగిన ఆధారాలు కూడా కావు. వాటిలో ప్రచురణ వివరాలు ఉండవు. ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో తెలియదు. బొమ్మలను తుడిచి సరిదిద్దుతారు.

న్యాయమైనదే అయినా ఈ సరిహద్దు ప్రభావాన్ని గుర్తించక తప్పదు. ఎదో కాలపు చిత్రం ఉచితం కాబట్టి వ్యాసాలలో అదే పదేపదే కనిపిస్తుంది. 1950ల నాటి పుట చూపడానికి అనుమతి కావాలి కాబట్టి దాని ప్రస్తావనే తగ్గుతుంది. ఇలా లభ్యత ప్రాముఖ్యంగా పొరబడుతున్నది.

6. అధ్యయనపద్ధతి - సూచనలు:

పై పరిశీలన ఆధారంగా నాలుగు మెట్లను సూచించవచ్చు. మొదటిది, రచన పేరును, రచయిత పేరును జపనీస్ లిపిలో సంపాదించి మీడియా ఆర్ట్స్ డేటాబేస్‌లో తొలి ప్రచురణ వివరాలు నిర్ధారించుకోవడం. రెండవది, ప్రతి ఏ సంస్థలో ఉన్నదో, దానిని దూరం నుంచి చూడవచ్చునో లేదో తెలుసుకోవడం. మూడవది, చూసిన పాఠం తొలి ముద్రణమా, పునర్ముద్రణమా, తిరిగి చిత్రించినదా అని రాసుకోవడం. నాలుగవది, పరిశోధనసాహిత్యంతో సరిచూసుకోవడం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వెలువడే 'ఇమేజ్‌టెక్స్ట్' ఉచితంగా లభిస్తుంది. 2006లో ఆరంభమైన 'మెకాడెమియా', 2001లో స్థాపితమైన జపాన్ మాంగా అధ్యయనసంఘం పత్రిక 'మాంగా కెంక్యూ', క్యోటో సెయిక విశ్వవిద్యాలయపు మాంగా పరిశోధనకేంద్రం అంతర్జాలంలో ఉంచిన సదస్సు వ్యాససంపుటాలు ఇందుకు తోడ్పడతాయి. షాట్ 1983లో వెలువరించిన 'మాంగా! మాంగా!' ఇప్పటికీ మంచి ప్రవేశగ్రంథమే. అయితే ఆ తరువాతి నాలుగు దశాబ్దాల పరిశోధనతో దానిని కలిపి చదవాలి.

ముగింపు:

అంతర్జాల ఆధారాలు మాంగా చరిత్రను చదివే అవకాశాన్ని విస్తరించాయి. అదే సమయంలో ఆ చరిత్రను ఉచితంగా లభించే చిత్రాల చరిత్రగా కుదించే ప్రమాదాన్ని కూడా తెచ్చాయి. హొకుసాయి సంపుటాలను పూర్తిగా చూడడం వల్ల అవి ఆధునిక మాంగాకు నేరుగా పూర్వరూపాలు కావని తెలుస్తుంది. 1923 నాటి పత్రికలు విదేశీప్రభావాన్ని విస్మరించరాదని చెబుతాయి. ప్రాంగె సేకరణ, నైకి గ్రంథాలయం ఏది మిగులుతుందన్నది కళావిలువపై మాత్రమే ఆధారపడదని నిరూపిస్తాయి.

ఈ చివరి అంశం తెలుగువారికి దగ్గరిది. 'షిన్ తకరాజిమా' వెలువడిన 1947లోనే, జులై నెలలో, 'చందమామ' ఆరంభమైంది. మన పాతపత్రికలలోని బొమ్మల కథల, వ్యంగ్యచిత్రాల చరిత్ర రాయదలచినవారు కూడా మిగిలిన సంచికల ఆధారంగానే రాయాలి. ఏవి మిగిలాయి, ఎవరు దాచారు, ఏ పుటలు లోపించాయి అన్న వివరాలను సంచికలవారీగా నమోదు చేసే పట్టిక తయారైతే, జపాన్‌లో మీడియా ఆర్ట్స్ డేటాబేస్ చేస్తున్న పనికి మనవద్ద అది తొలి అడుగు కాగలదు. ఆ పట్టికకు కాపీరైటు అడ్డంకి లేదు. పాతసంచికలు ఇంకా కొందరి ఇళ్లలో ఉండగానే ఆ పని మొదలుకావాలి.